సభావాక్కు: మన విమర్శ మరచిన ప్రక్రియ

మన ఆలంకారికులు కావ్యాన్ని దృశ్యమనీ శ్రవ్యమనీ రెండుగా విభజించారు. సభావేదికపై నిలిచి ఒక మనిషి వేలాది మందిని ఉద్దేశించి పలికే మాట ఈ రెంటిలో దేనికి చెందుతుంది? చెవితో వింటున్నాము గనుక శ్రవ్యమందామంటే, వక్త ముఖం కానరాని మూల కూర్చున్నవాడు ఆ ఉపన్యాసాన్ని సగమే విన్నవాడవుతాడు. దృశ్యమందామంటే, వక్త నటుడు కాడు. నటుడు పరుల మాటను తన మాటగా పలుకుతాడు. వక్త తన మాటను పదిమంది మాటగా పలుకుతాడు. ఈ భేదం స్వల్పమైనది కాదు. అయినప్పటికీ ఈ ప్రక్రియకు లక్షణం చెప్పడానికి మన విమర్శకులు పూనుకొన్నది తక్కువ. పద్యానికి, నాటకానికి, నవలకు, కథానికకు, లేఖకు సైతం మన సాహిత్య చరిత్రలలో పీఠాలున్నవి. ఉపన్యాసానికి ఉన్నది "ఆయన మహావక్త" అన్న ఒక్క వాక్యమే. ఆ వాక్యం పొగడ్త అవుతుందేగాని విమర్శ కాదు.

ఈ ఉపేక్షకు కారణం లేకపోలేదు. ఉపన్యాసం సభతోనే పుట్టి సభతోనే ముగుస్తుంది. అచ్చులోకి ఎక్కినది దాని అస్థిపంజరం మాత్రమే. పైగా, జనాన్ని కదిలించే మాటపై పండితులకు సహజంగా ఒక అనుమానం ఉంటుంది. అది సకారణమైన అనుమానమే. గుంపును ఉద్రేకపరచడం వేరు, మనిషిని మేలుకొల్పడం వేరు. రెండింటికీ సాధనం ఒక్కటే, నోటి మాట. అందుచేతనే వీటిని వేరుచేసి చూపవలసిన బాధ్యత విమర్శపై పడుతున్నది. నాయకత్వం వహించే మాటకు గుణదోష నిర్ణయం ఎట్లా చేయాలి? చప్పట్లను బట్టియా, ఫలితాన్ని బట్టియా, లేక వేరొక ప్రమాణాన్ని బట్టియా?

ప్రాచీనులు ఈ ప్రశ్నను విడిచిపెట్టలేదు. రామాయణం కిష్కింధాకాండలో హనుమంతుని తొలి పలుకులు విన్న రాముడు లక్ష్మణునితో చేసిన ప్రశంస వక్తృత్వానికి మన వాఙ్మయంలోని తొలి సమీక్షలలో ఒకటి. అందులో రాముడు వ్యాకరణశుద్ధిని మాత్రమే మెచ్చుకోలేదు. ముఖంలో, కన్నులలో, కనుబొమలలో వికారం లేకపోవడం, మాట మరీ సాగకపోవడం, సందేహానికి తావీయకపోవడం, స్వరం మధ్యమ స్థాయిలో నిలవడం, వీటన్నిటినీ గమనించాడు. అనగా శ్రవ్యమూ దృశ్యమూ కలిసిన సమగ్ర పరిశీలన అది. కాని ఇది సద్వక్త లక్షణమేగాని నాయకుని మాటకు లక్షణం కాదు. ఆ రెండవదానికి ఉదాహరణం అదే కాండ చివర ఉన్నది. సముద్రతీరాన వానరవీరులు ఒక్కొక్కరూ తాము ఎన్ని యోజనాలు లంఘించగలరో చెప్పుకొని నిస్పృహ చెందిన వేళ, ఒక పక్క మౌనంగా కూర్చున్న హనుమంతుని దగ్గరకు జాంబవంతుడు పోయి మాట్లాడతాడు. ఆ మాటలో ఆజ్ఞ కంటె జ్ఞాపకం ఎక్కువ. నీవెవరవో, నీ పుట్టువేమిటో, నీ బలమెంతో అని వినేవాని కథను వినేవానికే చెప్పాడు. లంఘించినది హనుమంతుడు, జాంబవంతుడు గట్టుననే నిలిచాడు. మాట పూర్తి అయిన తరువాత వక్త అవసరం శ్రోతకు తీరిపోవడం ఇక్కడి విశేషం.

భారతంలోని ఉద్యోగపర్వాన్ని వక్తృత్వ శాస్త్రంగా చదువదగును. అందులో రెండు మహోపన్యాసాలున్నవి. మొదటిది కౌరవసభలో శ్రీకృష్ణుని రాయబారం. సభాసదులు గగుర్పాటుతో నిశ్శబ్దులయ్యారు. బదులు పలుకగలవాడు లేకపోయాడు. కాని ఎవని మనస్సు మారవలసి ఉన్నదో ఆ దుర్యోధనుని మనస్సు మారలేదు. సభ గెలువబడింది, సంధి ఓడిపోయింది. తిక్కన చేతిలో తెలుగైన ఆ ఘట్టం తిరుపతి వేంకటకవుల నాటక పద్యాలుగా పల్లెపల్లెనా రాత్రుళ్లు మారుమ్రోగింది. మన జాతి ఎక్కువగా తలచుకొనే ఉపన్యాసం ఫలించని ఉపన్యాసమన్నది విమర్శకుడు మరువరాని విషయం. ఫలమొక్కటే ప్రమాణమైతే రాయబారానికి మన స్మృతిలో చోటుండరాదు. ఎదుటివానికి ధర్మాన్ని వినే అవకాశం చివరిదాకా మిగిల్చిన మాటగా, అది విఫలమైనా గౌరవింపబడింది.

రెండవది, సభలో గాక తల్లీ కొడుకుల నడుమ నడచిన విదుల ఉపదేశం. సింధురాజు చేతిలో ఓడి, దిగులుతో పడుకొన్న కొడుకు సంజయుని విదుల లేవదీస్తుంది. ఇక్కడ గమనింపదగిన అంశాలు మూడు. కొడుకు ఎదురు పలుకుతాడు. నీ హృదయం ఇనుమా అని నిలదీస్తాడు. తల్లి అతనిని మాట్లాడనిస్తుంది. రెండవది, ఆమె ఒట్టి ఉద్బోధతో ఆగదు. అతడెరుగని ధననిధి తన వద్ద ఉన్నదని, సహాయులున్నారని తెలుపుతుంది. వెనుక ఆధారమున్న మాట అది. మూడవది, ఈ కథను కుంతి శ్రీకృష్ణునికి చెప్పి, తన కుమారులకు అందజేయమంటుంది. విదుల మాట కుంతి నోట, కుంతి మాట కృష్ణుని నోట ప్రయాణించింది. మాట చల్లారకుండా ఒక నోటినుండి మరొక నోటికి మారడమే నాయకత్వ వాక్కుకు గీటురాయి. అనువాదకుడనైన నాకు ఈ మూడవ అంశం మిక్కిలి సన్నిహితమైనది.

ఆధునిక కాలంలో తెలుగువారి సభావాక్కు సంఘసంస్కరణతో మొదలై జాతీయోద్యమంతో ప్రాయానికి వచ్చింది. 1879లో కందుకూరి వీరేశలింగం రాజమహేంద్రవరంలో వితంతు వివాహాన్ని సమర్థిస్తూ ఉపన్యసించారు; 1881 డిసెంబరు 11న తొలి వివాహం జరిపించారు. ఈ రెండు తేదీల నడుమనున్న రెండేండ్లే ఆ ఉపన్యాసానికి వ్యాఖ్యానం. తరువాతి మైలురాయి 1907. ఆ సంవత్సరం వేసవిలో ముట్నూరి కృష్ణారావు తోడుగా బిపిన్ చంద్రపాల్ ఆంధ్ర పట్టణాలలో పర్యటించారు. ఆయన పలికినది ఇంగ్లీషు. రాజమహేంద్రవరం సభలో ఆ ఇంగ్లీషును తెలుగుచేసినవారు చిలకమర్తి లక్ష్మీనరసింహం. అనువాదం చివర ఆయన ఆశువుగా ఒక పద్యం చెప్పారు. భరతఖండాన్ని పాడియావుగా, ప్రజలను లేగదూడలుగా, పాలకులను ఆ దూడల మూతులు కట్టి పాలు పిదుకుకొనే గొల్లలుగా చిత్రించిన ఆ పద్యం తెలుగునాట నేటికీ నోటనున్నది. పాల్ ఆనాడు వాదించిన వాదాలలో ఎన్ని నోటనున్నవి?

ఇచట అనువాద ధర్మానికి సంబంధించిన చిక్కు ప్రశ్న ఒకటి ఉన్నది. మూలంలో లేని పద్యాన్ని చేర్చడం అనువాదకునికి తగునా? గ్రంథానువాదంలో తగదని నేను నిస్సంకోచంగా చెప్పగలను. సభానువాదంలో అదే తీర్పు చెప్పలేను. పాల్ మాట తర్కబద్ధమైనది, ఇంగ్లీషు చదువుకొన్నవారికి ఉద్దేశింపబడినది. దేశ ధనం తరలిపోవడమన్న ఆర్థిక వాదం గోదావరి తీరపు రైతుకు అందవలసి ఉంటే, అది ఆవు దూడల రూపంలోనే అందాలి. చిలకమర్తి చేర్చినది అలంకారం కాదు, వాదానికి రుజువు. వినేవాని ఇంటి పెరటిలోని ఆవును రుజువుగా నిలిపారు. 'గయోపాఖ్యానం' రచించి నాటక ప్రేక్షకుల నాడి తెలిసిన కవికి సభ నాడి తెలియడంలో ఆశ్చర్యం లేదు.

1921లో తెలుగువారి సభావాక్కు మూడు చోట్ల మూడు పరీక్షలకు నిలిచింది.

మొదటిది చీరాల. చీరాల పేరాలలను మునిసిపాలిటీగా మార్చి పన్నులు పెంచినందుకు ప్రజలు ఎదురుతిరిగారు. ఏప్రిలులో అక్కడికి వచ్చిన గాంధీజీ వారి ముందు రెండు మార్గాలుంచారు: సత్యాగ్రహం, లేదా ఊరు విడిచిపోవడం. పదిహేనువేల జనాభాలో అత్యధికులు ఇండ్లు వదలి, ఊరి వెలుపల రామనగరమన్న పేర పాకలు వేసుకొని దాదాపు పదకొండు నెలలు ఎండకూ వానకూ ఓర్చి నిలిచారు. వారిని నిలిపిన గొంతు దుగ్గిరాల గోపాలకృష్ణయ్యది. ఎడింబరోలో చదివి వచ్చిన ఈ వక్త, ఆనంద కుమారస్వామితో కలిసి నందికేశ్వరుని అభినయదర్పణాన్ని ఇంగ్లీషులోకి అనువదించినవాడు. ఆ గ్రంథం 1917లో వెలువడింది. ఆంగికం, వాచికం, ఆహార్యం, సాత్త్వికం అన్న చతుర్విధాభినయాన్ని అక్షరమక్షరం తరచి చూసిన మనిషి నాలుగేండ్ల పిమ్మట ప్రజల ఎదుట నిలిచాడు. స్వచ్ఛంద సేవకులకు ఆయన పెట్టిన పేరు రామదండు. ఆ పేరులోనే ఆయన వక్తృత్వ రహస్యం కనబడుతుంది. పన్ను ఎగవేతదారులని ప్రభుత్వం చూపిన జనానికి, మీరు వారధి కట్టిన సేన అని పేరు మార్చి చెప్పాడు. జాంబవంతుడు చేసినదీ ఇదే.

అయితే చీరాల కథలో విమర్శకుడు దాటవేయరాని రెండవ అధ్యాయమున్నది. బరంపురంలో ఉపన్యసించరాదన్న నిషేధాన్ని ధిక్కరించినందుకు దుగ్గిరాలకు ఏడాది కారాగారశిక్ష పడింది. ఆయన గొంతు చెరసాలకు పోయిన తరువాత రామనగరం నిలువలేకపోయింది. ప్రజలు తిరిగి ఇండ్లకు చేరవలసి వచ్చింది. ధనాభావం, నిర్బంధం మొదలైన కారణాలూ ఉన్నవి. మాట ఒక్కదానిమీదనే నింద మోపడం న్యాయం కాదు. కాని ఇంతటి ఉద్యమం ఇంత మేరకు ఒక్క కంఠం మీద ఆనుకొన్నదన్నది సత్యం. విదులకు దాచిన నిధి ఉన్నది, రామనగరానికి లేదు. మహావక్తకు తన మాట ఎంత బలమో అంత బలహీనత కూడా కాగలదని చీరాల నేర్పిన పాఠం. ఆయనపై నాకుగల భక్తి ఈ మాట చెప్పడానికి అడ్డురాదు.

రెండవ సభ కాకినాడలో. అదే ఏప్రిలులో గాంధీజీ అక్కడికి రానున్నారని విని, పన్నెండేండ్లు నిండని ఒక బాలిక దేవదాసీ స్త్రీలకు, ఘోషా స్త్రీలకు ఆయన మాట వినిపించాలని పట్టుపట్టింది. నిర్వాహకులు అయిదువేల రూపాయల నిధి సమర్పిస్తే కొద్ది నిమిషాలు ఇస్తామన్నారు. ఆ సొమ్మును ఆ స్త్రీలే కూడబెట్టారు. ఆ బాలికే పిదప దుర్గాబాయి దేశ్‌ముఖ్‌గా ప్రసిద్ధి చెందారు. తన ఆత్మకథ 'చింతామణ్ అండ్ ఐ'లో ఆమె ఈ ఘట్టాన్ని చెప్పుకొన్నారు. నిమిషాల సభ చాలాసేపు సాగింది; స్త్రీలు ఒంటి నగలు ఒలిచి ఇచ్చారు; హిందీ నేర్చిన దుర్గాబాయి గాంధీజీ పలుకులను తెలుగులో వినిపించింది. అప్పటివరకు పెద్ద సభలలో గాంధీజీ ప్రసంగాలను తెలుగుచేస్తూ వచ్చినవారు దేశభక్త కొండ వెంకటప్పయ్య. ఆనాటి పెద్ద సభలో గాంధీజీ ఆ పనిని ఈ బాలికకే అప్పగించారు.

కొండ వెంకటప్పయ్యకు భాషలో, అనుభవంలో, త్యాగంలో లోటేమున్నది? లోటు లేదు. మరి బాలిక అనువాదంలో ఉన్నదేమి? ఈ ప్రశ్నను చాలా కాలం నాలో నేను తర్కించుకొన్నాను. నాకు తోచిన సమాధానమిది: వెంకటప్పయ్య ప్రసంగాన్ని అనువదించారు, దుర్గాబాయి సందర్భాన్ని అనువదించింది. ఆ స్త్రీలను పిలిచినది ఆమె, వారితో కలిసి రూపాయలు లెక్కపెట్టినది ఆమె. ఎవరితో మాట్లాడుతున్నదో ఎరిగిన నోటికి ఎట్లా మాట్లాడాలో వేరుగా నేర్పనక్కరలేదు. ఇంకొక విశేషం, ఆనాటి శ్రోత ఆనాడే వక్త అయినది. సభ ఒక నాయకుని మాట విని ముగియక, మరొక నాయకురాలిని కని ముగిసింది.

మూడవ సభ హైదరాబాదులో, 1921 నవంబరు 12న. వివేకవర్ధని నాటకశాలలో నిజాం రాష్ట్ర సంఘసంస్కార సభ జరుగుతున్నది. అధ్యక్షులు మహర్షి కర్వే. ఉర్దూ, మరాఠీ, ఇంగ్లీషు భాషలలో ఉపన్యాసాలు సాగినవి. న్యాయవాది ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడ మొదలుపెట్టగానే సభలో కొందరు గోలచేసి, ఎగతాళి చప్పట్లు చరిచి ఆయనను సాగనీయలేదు. తెలుగు మాట్లాడేవారు అధిక సంఖ్యాకులుగా ఉన్న రాజ్యపు రాజధానిలో తెలుగు మాటకు దక్కిన మర్యాద అది. ఆ రాత్రే కొందరు తెలుగువారు కూడి ఆంధ్రజనసంఘాన్ని స్థాపించారు. మాడపాటి హనుమంతరావు 'తెలంగాణా ఆంధ్రోద్యమము'లో ఈ చరిత్ర ఉన్నది. అటుపై గ్రంథాలయాలు వెలిసినవి, 1926లో గోలకొండ పత్రిక పుట్టింది, 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన తొలి నిజాం రాష్ట్రాంధ్ర మహాసభ జరిగింది, 1934లో గోలకొండ కవుల సంచిక వెలువడింది.

ఆలంపల్లి వారి ఉపన్యాసం పూర్తికాలేదు. పూర్తి అయి ఉంటే అది అనేక తీర్మానాలపై పలికిన అనేక ప్రసంగాలలో ఒకటిగా మిగిలి ఉండేదేమో. కాని ఆగిపోయిన ఆ వాక్యాన్ని ఒక ప్రాంతమంతా పూరించింది. వక్తృత్వ గుణాలను ఎంత పరిశీలించినా ఈ సభను వివరించలేము. ఆయన కంఠమెట్టిదో, శైలి ఎట్టిదో ఇక్కడ ప్రస్తుతం కాదు. ఆయన ఎన్నుకొన్న భాషే ఆయన చేసిన ఉపన్యాసం. ఏ భాషలో మాట్లాడుతున్నామన్నది ఏమి మాట్లాడుతున్నామన్నదానికంటె ముందుగా శ్రోతకు చేరుతుందన్న సత్యాన్ని ఈ సంఘటన కంటె బలంగా చాటినది వేరొకటి నాకు తెలియదు.

ఈ మూడు సభలను కలిపి చూచినప్పుడు నాకొక ప్రమాణం స్ఫురిస్తున్నది. వక్త వేదిక దిగిన పిమ్మట శ్రోతకు మిగిలిన శక్తి ఎంత? చప్పట్లు వక్తకు చెందినవి. ఈ మిగులు శ్రోతకు చెందినది. జాంబవంతుని మాటకు, విదుల మాటకు, కాకినాడ బాలిక మాటకు ఈ మిగులు పుష్కలంగా ఉన్నది. చీరాలలో అది ఆశించినంత నిలువలేదు. హైదరాబాదులో వక్త మాట దాదాపు శూన్యమై మిగులు అనంతమైనది. గుంపును రెచ్చగొట్టే మాటకు ఈ ప్రమాణాన్ని వర్తింపజేసి చూడండి. ఆ మాట విన్నవాడు మరునాడు మరింత పెద్ద గొంతు కోసం వెదుకుతాడేగాని తన గొంతును కనుగొనడు. ఉద్రేకానికీ ఉత్తేజానికీ గల భేదం ఇదేనని నా అభిప్రాయం.

ఈ ప్రమాణం నాకు పుస్తకాలలో దొరికినది కాదు. కొన్ని సంవత్సరాల క్రిందట ఒక సభలో అన్యభాషా రచయిత ఒకరి ప్రసంగాన్ని తెలుగులో వినిపించే పని నాకు అప్పగించారు. ఆయన తన బాల్యాన్ని గురించి చిన్న చిన్న మాటలలో చెబుతున్నారు. ఒక చోట ఆగి, కడుపు మీద చేయి వేసుకొని, ఒకే ఒక్క మాట అన్నారు. నేను చేతులు కట్టుకొని, గొంతు సవరించుకొని, "దుర్భరమైన క్షుద్బాధను అనుభవించితిని" అన్నాను. సభ చల్లబడింది. ఆయన నావైపు చూచారు. నేను కాగితం వైపు చూచాను. సభ ముగిసిన పిదప ముందు వరుసలో కూర్చున్న ఒక వృద్ధురాలు నా వద్దకు వచ్చి, "బాబూ, ఆయన కడుపుమీద చెయ్యి పెట్టుకొని చెప్పిందేమిటి? ఆకలేనా?" అని అడిగింది. అవునన్నాను. "మరి ఆ మాట అనకపోతివా" అన్నది. ఎం.ఏ. పట్టా, పాతికేండ్ల అనువాదానుభవం ఆ ప్రశ్నకు సమాధానం చెప్పలేకపోయినవి. ఆ రచయిత ప్రసంగంలో ఉన్న ఒకే ఒక్క అన్నం ముద్దను నేను శ్రోతల నోటిదాకా పోనీయలేదు. అర్థదోషం లేదు, వ్యాకరణదోషం అంతకన్న లేదు. నేను చేసిన దోషానికి మన దోషప్రకరణాలలో పేరు వెదుకుతున్నాను.

ఇప్పటి మన సాహిత్య సభలను తలచినప్పుడు నాకు ఆ వృద్ధురాలి ప్రశ్న వినవస్తుంది. సదస్సులలో తల ఎత్తకుండా పత్రం చదివే పద్ధతి పూర్వమే ఉన్నది. ఇప్పుడు తెరమీద పవర్‌పాయింటు పలకలు వేసి, తెరవైపు తిరిగి, అందరూ చదువుకొనగల వాక్యాలనే మరల చదివి వినిపించడం అలవాటైనది. యంత్రాన్ని నేను నిందించను. కవి చేతిప్రతిని, శాసనపు ముద్రను, ప్రాంత పటాన్ని తెరమీద చూపగలగడం పూర్వులకు లేని భాగ్యం. దోషం తెరది కాదు, శ్రోతకు వీపు చూపడానిది. చూపవలసినది తెరమీద ఉండాలి, చెప్పవలసినది ముఖంలో ఉండాలి. రెండు చోట్లా ఒకటే ఉన్నప్పుడు రెండింటిలో ఒకటి వ్యర్థం. తరచుగా ఆ వ్యర్థమయ్యేది మనిషే.

రచయితలు దేశం నలుమూలలా నేడు ఒకరి భాషను ఒకరు వినడానికి కూడుతున్నారు. అట్టి సభలలో అనువాదకుడు నీటిగ్లాసు పక్కన కుర్చీలో కూర్చోబెట్టే ఉపకరణం కాదు, ఉపన్యాసానికి సహకర్త. అతనికి ప్రసంగ పాఠం ముందుగా అందజేయడం, వక్తతో ఒక గంట కూర్చుండనీయడం, అచ్చువేసే సంచికలో అతని పేరు చేర్చడం, ఇవి చిన్న పనులే, జరగడం అరుదు. విశ్వవిద్యాలయాలలోని తెలుగు శాఖలు ఉపన్యాసాన్ని ఒక ప్రక్రియగా పాఠ్యప్రణాళికలో చేర్చి, స్వీయచరిత్రలలో, పాత పత్రికల పుటలలో చెదరియున్న సభావృత్తాంతాలను ఏరి కూర్చినట్లయితే, ఈ ప్రక్రియకు లక్షణగ్రంథం రూపొందడానికి పునాది ఏర్పడుతుంది. 1907, 1921 నాటి కంఠాలు మనకు వినబడవు. కాని ఆ కంఠాలను విన్నవారు వ్రాసి ఉంచినవి ఉన్నవి. వాటిని చదవడం విమర్శకుని పని.

ఇక రచయితగా వేదిక ఎక్కేవారికి నేను చెప్పగలిగినది స్వల్పం. మాట్లాడబోయే ముందు సభలో ఎవరు కూర్చున్నారో ఒక్కసారి చూడవలెను. ముందు వరుసలోని వృద్ధురాలు అక్కడనే ఉంటుంది. ఆకలి అన్న మాట ఉండగా, ఆ మాటే అనవలెను.